ఆయన్ని తలుచుకుందామంటే జబ్బు ముందుకొస్తోంది

ప్రశ్న: మేము అమెరికాలో, ఈశాన్య రాష్ట్రాల్లో ఒకదానిలో ఉంటున్నాం. పోయిన జులైలో మావారు చనిపోయారు. ఆయనకు 41 ఏళ్లు. జూన్‌లో నాలుగు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. వైరల్ ఫీవర్ అనుకున్నాం. పారాసెటమాల్ వేసుకుని పడుకోమన్నది నేనే. తగ్గిపోయింది. తర్వాత ఓ రోజు మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయన్నారు. ఆఫీసు టెన్షన్ అనుకున్నాం. మర్నాడు పొద్దున వంటింట్లో కుప్పకూలారు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి గుండెకు సోకిందని పోస్టుమార్టంలో తేలింది. ఒంటి మీద ఏ మచ్చా లేదు. పిడుదు ఎప్పుడు కుట్టిందో ఎవరికీ తెలియదు. రోజూ కుక్కను నడకకు తీసుకెళ్లొచ్చి దాని చెవుల వెనక, కాళ్ల సందుల్లో పిడుదులు వెతికేవారు. తనను తాను చూసుకోలేదు. ఆయన బూట్లు గరాజ్‌లో మట్టితో అలాగే ఉన్నాయి.

ఏడాది కావస్తోంది. ఆయన స్నేహితులు ఆ రోజున లైమ్ అవగాహన నడక పెడతామంటున్నారు. టీషర్టు ముందు ఆయన ఫొటో, వెనక ఆ జబ్బుకు వచ్చే ఎర్ర వలయం బొమ్మ. మా అత్తగారేమో ఆ జబ్బు పేరే ఎత్తొద్దంటున్నారు. హార్ట్ ఎటాక్ అని చెబితే సరిపోదా, పురుగు కుట్టి పోయాడని చెప్పుకోవాలా అని ఏడుస్తారు. మొన్న ఒకాయన, లైమ్‌తో ఎవరూ చనిపోరమ్మా, ఇంకేదో అయ్యుంటుందన్నారు. మా తొమ్మిదేళ్ల బాబు ఏడాదిగా గడ్డి మీద కాలు పెట్టడం లేదు. ఆయన్ని ఎలా తలుచుకోవాలో నాకు తెలియడం లేదు. ఆ బూట్లను కూడా ఏం చేయాలో తెలియడం లేదు.

సమాధానం: బూట్ల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఉత్తరంలో రెండుసార్లు రాశారు. అలాగే ఉండనివ్వండి. ఏడాది అయింది కదా, తీసేయమని చెప్పేవాళ్లు ఉంటారు. బూట్లకు గడువేమీ లేదు. వాటిలో ఇంకా పిడుదులుంటాయేమో అన్న భయం మూలన ఎక్కడైనా ఉంటే అది మాత్రం తీసేయండి. లైమ్ అంటించే జాతి పిడుదుకు తేమ కావాలి. పొడిచోట కొద్దిరోజులకు మించి బతకదు.

ఇక అత్తగారి మాట. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. హార్ట్ ఎటాక్ అంటే ఎదుటివాళ్లు అయ్యో అని ఊరుకుంటారు. లైమ్ అంటే ఇరవై ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ కుట్టింది, చూసుకోలేదా, డాక్టరు దగ్గరికి వెళ్లలేదా. కొడుకు పోయిన తల్లి ఆ ప్రశ్నల నుంచి పారిపోతోంది. పైగా ఒక నామోషీ కూడా ఉంది. పాము కాటుతో పోయాడంటే ఎవరూ తక్కువగా చూడరు. పిడుదు అనేసరికి పశువుల ఒంటి మీద ఉండేది కదా, మనిషిని ఎలా చంపుతుంది అనిపిస్తుంది.

అయినా ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినొద్దంటాను. పరువు కోసమో, అవగాహన కోసమో చెప్పడం లేదు. మీ బాబు కోసం చెప్తున్నాను. పాతికేళ్ల వయసులో వాడు ఏదో చిన్న నలతకు డాక్టరు ముందు కూర్చుంటాడు. కుటుంబంలో గుండె జబ్బులున్నాయా అని ఫారంలో అడుగుతారు. మా నాన్న 41 ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయారు అని రాస్తాడు. అంతే, ఆ క్షణం నుంచి వాడి గుండె మీద ఒక అనుమానం ముద్ర పడిపోతుంది. అక్కర్లేని పరీక్షలు, ఛాతీలో గ్యాస్ పట్టినా భయం. వాళ్ల నాన్నకు వచ్చింది వంశంలో దిగే జబ్బు కాదు. ఆ సంగతి వాడికి తెలిసి ఉండాలి. అత్తగారికి మీరు ఇలాగే చెప్పి చూడండి. లోకం కోసమంటే ఆవిడ వినకపోవచ్చు, మనవడి కోసమంటే వింటారు.

అసలు జరిగింది హార్ట్ ఎటాక్ కానే కాదు. హార్ట్ ఎటాక్‌లో గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. లైమ్ బ్యాక్టీరియా గుండె కండరంలోకి చేరినప్పుడు దెబ్బతినేది ఎక్కువగా గుండె కరెంటు. పై గదుల నుంచి కింది గదులకు, ఇక కొట్టుకో అంటూ ఒక విద్యుత్ సంకేతం వెళ్తూ ఉంటుంది. వాపు వల్ల ఆ సంకేతం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. దీన్ని హార్ట్ బ్లాక్ అంటారు. మనవాళ్లు మామూలుగా బ్లాకులు అనేవి వేరు, ఇది వేరు. స్వల్పంగా మొదలైంది గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో ముదురుతుంది. కళ్లు తిరగడం, ఆయాసం, గుండె దడ, స్పృహ తప్పడం దీని గుర్తులు.

లైమ్‌తో ఎవరూ చనిపోరు అన్న పెద్దమనిషి మాట పూర్తిగా గాలి మాట కాదు. చెప్పకూడని చోట చెప్పాడు, అది వేరే సంగతి. అమెరికాలో 1999 నుంచి 2003 వరకు లైమ్ పేరు రాసి ఉన్న 114 మరణ పత్రాలను ప్రభుత్వ పరిశోధకులు తిరగేశారు. లైమ్ వల్లే మరణం అని నమ్మడానికి తగ్గ లక్షణాలు కనిపించింది ఒక్కటంటే ఒక్కదానిలో. అంటే ఆ పేరు ఊరికే రాసేయడమూ ఉంది. మరోవైపు, దొరక్కుండా పోయిన మరణాలూ ఉన్నాయి. 1985 నుంచి 2019 దాకా ప్రపంచం మొత్తం మీద లైమ్ గుండెకు సోకి చనిపోయినట్టు నమోదైనవి 11. లైమ్ కేసులుగా నమోదైన వాళ్లలో గుండెకు సోకేది నూటికి ఒకరికి. సోకినవాళ్లలో కూడా ఎక్కువమంది యాంటీబయాటిక్స్‌తో, అవసరమైతే కొన్ని రోజులు తాత్కాలిక పేస్‌మేకర్‌తో కోలుకుంటారు. కాబట్టి మీవారిది చాలా అరుదైన మరణం. అరుదు అంటే అబద్ధమని కాదు. మీ దగ్గర పోస్టుమార్టం రిపోర్టు ఉంది. ఎవరికో రుజువు చేసే బాధ్యత మీ నెత్తిన పెట్టుకోకండి. రిపోర్టులో అలా వచ్చిందండీ అని ఒక్క ముక్క చెప్పి మాట మార్చేయండి.

ఇప్పుడు పారాసెటమాల్ సంగతి. మీరు దాన్ని ఒక చిన్న వాక్యంలో రాసి దాటేశారు కానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకనిపించింది.

2013 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక నివేదిక వేసింది. 2012 నవంబరుకూ 2013 జులైకీ మధ్య లైమ్ గుండెకు సోకి ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు, ముగ్గురూ 26 నుంచి 38 ఏళ్ల మధ్యవాళ్లు. బతికుండగా ముగ్గురిలో ఎవరికీ లైమ్ అని తేలలేదు. వాళ్లలో ఒకరికి వారం పది రోజులుగా ఆయాసం, ఆందోళన. చనిపోవడానికి ముందు రోజు డాక్టరును కలిస్తే, ఆందోళన తగ్గడానికి మందు రాసి పంపారు. చదువుకున్న డాక్టరు, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని టెన్షన్ అనుకున్నాడు. మీరు వంటింట్లో నిలబడి టెన్షన్ అనుకున్నారు.

ఆ పిడుదు ఎంత ఉంటుందో కూడా చూడండి. ఎక్కువగా అంటించేది పెద్ద పిడుదు కాదు, దాని పిల్ల. గసగసాల గింజంత. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, కాబట్టి చాలామందికి కుట్టిన సంగతే తెలియదు. మచ్చ నూటికి డెబ్భై ఎనభై మందికి వస్తుంది, మిగతావాళ్లకు రాదు. వచ్చినా అందరికీ బాణాలు కొట్టే బోర్డులాగా వలయాలుగా రాదు, ఎక్కువమందికి మామూలు ఎర్ర మరకలాగే ఉంటుంది. తెల్ల చర్మం మీది ఫొటోలే ఎక్కడ చూసినా కనబడతాయి. మన చామనఛాయ మీద అది గోధుమ రంగు మచ్చలాగో, కమిలినట్టో ఉండి కలిసిపోతుంది. వీపు మీదైతే ఎవరు చూస్తారు? మొదటి వారాల్లో రక్త పరీక్ష చేయించినా, యాంటీబాడీలు ఇంకా తయారు కాక, ఏమీ లేదని వచ్చే అవకాశం ఉంది. జూన్ నెల, జ్వరం, ఒళ్లునొప్పులు, నాలుగు రోజులకు తగ్గిపోయింది. దీన్ని వైరల్ ఫీవర్ అనుకోనివాళ్లు ఎవరు?

అయితే మీరేం చేసినా ఆయన పోయేవారే అని మాత్రం నేను అనను. అది నిజం కాదు, మీకూ తెలుసు. మందు ఉన్న జబ్బుతో పోయారు. ఈ దుఃఖంలో మిగతావాటిలో లేని ముల్లు అదే. క్యాన్సర్‌తో పోయినవాళ్ల ఇంట్లో, చేయగలిగిందంతా చేశాం అనుకోవడానికి వీలుంటుంది. మీకు ఆ వీలు లేదు. మా అన్నయ్య పోయినప్పుడు, ముందు రోజు రాత్రి ఆయన చేసిన ఫోను, రేపు మాట్లాడతాలే అని పెట్టేశాను. ఆ ఫోను ఎత్తి మాట్లాడినట్టు ఎన్ని వందలసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు. ఆ ఊహలో ఒక మోసం ఉంటుంది. ఊహలో ఉన్న నాకు మర్నాడు ఏం జరుగుతుందో ముందే తెలుసు. అసలు ఆ రాత్రి ఫోను పట్టుకున్న నాకు తెలియదు. మీ ఊహలోని జూన్ నెలలో మీరు పోస్టుమార్టం రిపోర్టు చదివేసి ఉన్నారు. అసలు జూన్‌లో చదవలేదు. ఇది తెలుసుకున్నంత మాత్రాన నొప్పి పోదు, నాకు పోలేదు. కానీ మీ మీద మీరే పెట్టుకున్న కేసు బలం తగ్గుతుంది.

స్నేహితుల నడక గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నడక పెట్టనివ్వండి. టీషర్టు వద్దనండి, ఆ తేదీ వద్దనండి.

ముందు టీషర్టు. ఆయన ఒంటి మీద ఎర్ర వలయం రాలేదు. ఆ వలయాన్ని ఆయన ఫొటో వెనక వేస్తే, ఆయనకు జరిగిన దానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెప్పినట్టవుతుంది. చూసినవాళ్లు వలయం ఉంటేనే లైమ్ అని గుర్తుపెట్టుకుంటారు. రేపు మచ్చ లేని జ్వరం వస్తే లైమ్ కాదులే అనుకుంటారు. స్నేహితులకు ఈ ముక్క చెప్పండి, వాళ్లే ఆ బొమ్మ తీసేస్తారు. ఇక ఫొటో. అది మీ ఇష్టం. నాకైతే, పోయిన మనిషి మొహం పాతిక మంది ఛాతీల మీద చెమటకు తడవడం చూడబుద్ధి కాదు. మీకూ కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. వద్దు అనడానికి కారణం చెప్పక్కర్లేదు.

తేదీ గురించి. లైమ్ అవగాహనకు మే నెల ఉండనే ఉంది. పిడుదు పిల్లలు చురుగ్గా తిరిగే కాలం మొదలయ్యేదీ అప్పుడే. నడక మేలో పెట్టుకోమనండి, జనానికి అప్పుడే పనికొస్తుంది. జులైలో ఆ రోజు మీ ఇంటికి వదిలేయమనండి. వాళ్లకు పంచడానికి ఏదైనా కావాలంటే జేబులో పట్టే చిన్న కార్డు వేయించమనండి. మూడు మాటలు చాలు. ఎండాకాలంలో జ్వరం వచ్చి తగ్గాక, వారాల్లో కళ్లు తిరిగినా, దడ వచ్చినా, ఊరికే ఆయాసం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిడుదులు ఉండే చోట తిరిగామని మీరే చెప్పండి. ఈసీజీ తీయమని అడగండి. ఈసీజీ అంటే పది నిమిషాల పని. ఆయన ఫొటో కన్నా ఈ కార్డు ఎక్కువ మందికి ఉపయోగం. నడకలో చందాలు పోగుచేస్తే డబ్బు ఎవరికి వెళ్తోందో అడగండి. ఈ జబ్బు చుట్టూ నిజమైన పరిశోధన సంస్థలున్నాయి, రుజువు లేని వైద్యాలు ఖరీదుగా అమ్మేవాళ్లూ ఉన్నారు.

నడకకు మీరు వెళ్తే, మీకు జరిగినట్టు కాక వేరేలా తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ కలుస్తారు. తమవాళ్లు ఏళ్ల తరబడి మంచాన పడి పోయారని, నొప్పి భరించలేక ప్రాణం తీసుకున్నారని చెప్తారు. మరణ పత్రంలో లైమ్ అని ఉండకపోవచ్చు, వాళ్లు మాత్రం లైమ్ అనే అంటారు. వాదించకండి. డెన్మార్క్‌లో ఆసుపత్రుల్లో లైమ్ అని తేలిన 12,616 మంది రికార్డులు చూస్తే, జబ్బు రానివాళ్ల కన్నా ఆత్మహత్యా ప్రయత్నాలు రెండింతలు, ఆత్మహత్య మరణాలు 75 శాతం ఎక్కువ కనిపించాయని 2021లో ప్రచురించారు. ఎవరూ ఊరికే చెప్పడం లేదు. ఈ ఏడాదిలో మీకెప్పుడైనా అలాంటి ఆలోచన వచ్చి ఉంటే, మీరుండే దేశంలో 988కి ఫోను చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

జబ్బు పేరు చెప్పడానికి, మనిషిని ఆ జబ్బుకు అప్పగించడానికి మధ్య తేడా ఉంది. కే హేగన్ అని నార్త్ కరోలినా నుంచి అమెరికా సెనేట్‌కు ఎన్నికైన ఆవిడ ఉండేవారు. 2019 అక్టోబరులో చనిపోయారు. పిడుదు వల్లే, కానీ లైమ్ కాదు. పొవాసన్ అనే వైరస్ మెదడుకు సోకింది. ఆ సంవత్సరమే పిడుదు జబ్బుల మీద వచ్చిన చట్టానికి ఆవిడ పేరు పెట్టారు. ఏ జబ్బుతో పోయారో అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు, లైమ్ అని సర్దేయనూ లేదు. అయినా ఆవిడ గురించి చదివితే ముందు కనబడేది సెనేటర్, తర్వాతే జబ్బు. వరుస అలా ఉండాలి.

ఆ రోజు ఇంట్లో ఏం చేయాలి అంటే, నాకు తోచింది ఒక నోటుపుస్తకం. ఈ ఆలోచన నాకు పాలీ మరే అనే ఆవిడ వల్ల వచ్చింది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊళ్లో ఉండేవారు, ఆ ఊరి పేరే జబ్బుకు వచ్చింది. (తమ ఊరి పేరు జబ్బుకు పెట్టించుకోవాలని ఏ ఊరికి ఉంటుంది, పాపం.) ఇంట్లో అందరికీ కీళ్లవాపులు, మచ్చలు, జ్వరాలు. డాక్టర్లు పట్టించుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో ఆవిడ రాసుకుంటూ పోయారు. 1975లో ఆవిడా, ఆ చుట్టుపక్కలే ఉండే ఇంకో తల్లీ రాష్ట్ర ఆరోగ్య శాఖకు చెప్పబట్టి యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు కదిలారు. ఆ బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల్లో కనిపెట్టేసరికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆవిడ పుస్తకం నిండా జబ్బు ఉంది, అప్పటికి అదే కావలసింది. మీ పుస్తకంలో జబ్బుకు ఒక్క లైను ఇవ్వండి. ఆయనకు జబ్బు ఉన్నది కొన్ని వారాలు. అంతకు ముందు నలభై ఏళ్లు ఉన్నాయి.

మంచివాడు, అందరికీ సాయపడేవాడు లాంటివి రాయొద్దు. అవి ఎవరి గురించైనా రాయొచ్చు. కుక్క చెవుల వెనక వెతికేవారు అని మీరు నాకు రాశారే, అలాంటివి రాయండి. వెతికేటప్పుడు దానితో ఏం మాట్లాడేవారు? కళ్లజోడు పైకి నెట్టుకునేవారా? అత్తగారిని ఒక పేజీ రాయమనండి, రాయలేనంటే ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. ఆయన తొమ్మిదేళ్లప్పుడు ఎలా ఉండేవారో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు, మీ బాబుకు ఇప్పుడు కావలసిందీ అదే. మొదటి పేజీలో ఆ ఒక్క లైను: "లైమ్ వ్యాధి గుండెకు సోకి, 41వ ఏట, వంటింట్లో, అకస్మాత్తుగా చనిపోయారు." పోరాడి ఓడారు అని రాయకండి. ఆయనకు తాను పోరాడాలని కూడా తెలియదు.

బాబు గడ్డి తొక్కకపోవడం మొండితనం కాదు. నాన్నను చంపింది గడ్డిలో ఉందని వాడికి తెలుసు, ఎలా కాచుకోవాలో తెలియదు. భయపడకు అంటే సరిపోదు, చేతికి పని ఇవ్వాలి. బయటి నుంచి రాగానే బట్టలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పడం, రెండు గంటల్లోపు స్నానం, చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, బొడ్డు, జుట్టు అంచులు చూసుకోవడం. కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగడం. కాల్చడాలు, వాజలిన్ పూయడాలు వద్దు. ఆ పిడుదు నుంచి లైమ్ బ్యాక్టీరియా మనిషికి ఎక్కడానికి మామూలుగా ఒక రోజు పైనే పడుతుంది, కాబట్టి ఆ రోజే తీసేస్తే దాదాపు భయం లేదని వాడికి వాడి భాషలో చెప్పండి. కుట్టి ఉందని తెలిస్తే డాక్టరుకు ఫోను చేయండి. మూడు రోజుల్లోపైతే కొందరికి ఒక్క డోసు మందు ముందే ఇస్తారు. అలాగే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదని కూడా చెప్పండి. వాడు అడగకపోయినా ఆ సందేహం వాడికి ఉండే ఉంటుంది.

కుక్కకు పిడుదులు చూసే పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో మీరు రాయలేదు. గరాజ్ గుమ్మంలో, ఆ బూట్ల పక్కనే కూర్చుని ఆ పని బాబుకు అప్పజెప్పి చూడండి. వెతకడం వాడు, తీయడం మీరు. చెవుల వెనక ముందు.